హోట్గి రోడ్డు చాయ్ పార్టీ

తన మొగుడు తాగుబోతని చంద్రభాగ మొదటిసారి విన్నది షోలాపూర్ హోట్గి రోడ్డు మీది ఫంక్షన్ లాన్‌లో, అదీ కన్నకూతురి నోటినుంచి. ఆ మాట పూర్తవగానే కుర్చీల్లో ఉన్న పెద్దమనుషులు అయ్యో పాపం అన్నట్టు తలలూపి, ఆ తర్వాత చప్పట్లు కొట్టారు.

నర్సప్ప మందు ముట్టే మనిషి కాదు. పెళ్ళయిన కొత్తలో బావమరదులు గ్లాసు చేతిలో పెట్టి బలవంతం చేస్తే వాళ్ళ కళ్ళముందే మోరీలో పారబోసి, చాలాకాలం వాళ్ళతో మాటలు పోగొట్టుకున్నాడు. ఈ సంగతి చంద్రభాగకు తెలుసు, కూతురు ఋతుజకు తెలుసు. ముందు వరుస సోఫాలో జరీ తలపాగా పెట్టుకుని కూర్చున్న మల్లేశం సేటుకు ఇంకా బాగా తెలుసు.

నర్సప్ప, మల్లేశం ఆ ఊళ్ళో స్థిరపడ్డ తెలుగువాళ్ళు, ఒకప్పుడు ఒకే కార్ఖానాలో పక్కపక్క లూముల మీద టవళ్ళు నేసినవాళ్ళు. ఒకే డబ్బాలో జొన్నరొట్టె తిన్నవాళ్ళు. మల్లేశం ముందు పాత లూములు కొన్నాడు, తర్వాత నీలం నగర్‌లో షెడ్డు వేశాడు, సేటయ్యాడు. నర్సప్ప అతని దగ్గరే పనికి చేరాడు. అయినా మల్లేశం విడీ ఘర్‌కుల్‌లో బీడీ కార్మికుల ఇళ్ళ మధ్య ఉన్న వీళ్ళ ఇంటికి వస్తే చెప్పులు బయట విడిచి, "వదినా, సర్వపిండి చెయ్యవా" అని వంటగది గడప దగ్గరే చతికిలబడేవాడు.

పోయిన వానాకాలం ఆ షెడ్డు వెనక గోడ కూలింది. నడుస్తున్న లూముల మీద, నేస్తున్న మనుషుల మీద కూలింది. వీళ్ళ వాడలోని సరోజ మొగుడు అక్కడికక్కడే పోయాడు. నర్సప్పకు నడుము, కాళ్ళు నుజ్జయ్యాయి. ఆ గోడకు ఎండాకాలంలోనే పగులు పట్టింది. నర్సప్ప మల్లేశాన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ పగులు చూపించాడు. "ఈ ఆర్డర్ పంపెయ్యనీ అన్నా, కొత్త గోడ కట్టిస్త" అని మల్లేశం దానిమీద లారీలకు కప్పే నీలం తాడ్‌పత్రి కప్పించాడు. పంచనామాలో మాత్రం వానకు కూలిందని రాశారు. మల్లేశం దహనం ఖర్చు పెట్టుకున్నాడు, ఆసుపత్రికి కొన్నాళ్ళు వచ్చాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

పగులు సంగతి చంద్రభాగ సరోజకు చెప్పలేదు. ఇద్దరిదీ ఒకే వాడ, ఒకే కంపెనీ తునికాకు, పక్కపక్కనే చేటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు. పోయినవాడు ఎలాగూ రాడు, చెప్పి దాని గుండెల్లో నిప్పు పోయడమెందుకని ఊరుకుంది.

ఇదిట్లా ఉండగా ఒకరోజు ఋతుజ ఎగురుకుంటూ ఇంటికొచ్చింది. డిగ్రీ అయ్యాక ఆ పిల్ల అమోల్ గారి నాటక మండలిలో చేరింది. అమోల్ షోలాపూర్‌లోనే పుట్టి, పుణె, ముంబయి స్టేజీల మీద పేరు తెచ్చుకున్న నటుడు.

"అమ్మా, అమోల్ సార్ మనకోసం చాయ్ పార్టీ పెడుతుండు!" అంది.

"మనకోసం పార్టీ ఏందే? మనదగ్గర ఏం పెండ్లి ఉన్నది?"

అప్పుడు ఋతుజ మంచం మీద తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని వివరంగా చెప్పింది. నూరేళ్ళ కింద అమోల్ ముత్తాత ఒక నాటక కంపెనీలో ఆడవేషాలు కట్టేవాడట. కంపెనీ షోలాపూర్‌లో మకాం వేసినప్పుడు ప్లేగొచ్చింది. మిల్లు కూలీలుండే ఇరుకు చాళ్ళలో పిల్లలు తల్లీదండ్రీ లేనివాళ్ళయ్యారు. ఆయన ఊరి పెద్దలందరినీ మధ్యాహ్నం చాయ్‌కి పిలిచి, అత్తరు పూసి, పాన్‌సుపారీ ఇచ్చి, నాయిక వేషంలోనే వెండి పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళేవాడట. ఆడదాని వేషంలో నవ్వుతూ పళ్ళెం చాపితే కాదనే మగాడు లేడట. పోగైనదంతా ఆ పిల్లలకు. ఇప్పుడు అమోల్ అచ్చం అలాంటి పార్టీనే పెట్టి, వచ్చిన సొమ్ము నర్సప్ప ఆపరేషన్‌కూ, సరోజ పిల్లలకూ ఇస్తాడు.

"ఆ పళ్ళెంల వేసినోళ్ళెవరు?" అని అడిగింది చంద్రభాగ.

"ఊర్లోని సాహుకార్లు, మిల్లుల పెద్దోళ్ళు."

"ఆ చాళ్ళు కట్టిందీ వాళ్ళే గదా."

"అమ్మా! అన్నిట్ల వంకలు పెట్టకు" అని ఋతుజ విసుక్కుంది. నర్సప్ప మంచం మీంచి, "మంచిదే బిడ్డా. మంచి మనిషున్నట్టుండు" అన్నాడు. డాక్టరు ఆపరేషన్ చేస్తే కర్ర పట్టుకుని నడవొచ్చని చెప్పినప్పటినుంచి అతనికి వేరే ధ్యాస లేదు.

ఆ వారమే అమోల్ వీడియో తీసే మయూరి అనే అమ్మాయిని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. ఎత్తుగా, మెత్తగా మాట్లాడే మనిషి. "మావశీ" అని పిన్ని వరస కలిపి చంద్రభాగ కాళ్ళకు దండం పెట్టాడు. మయూరి మాత్రం గది నలువైపులా చూసి, ఫ్రిజ్ కనపడకుండా చద్దర్ కప్పింది. గోడమీద ఋతుజ కాలేజీ మెడల్ తీసి పక్కన పెట్టింది. నర్సప్ప చొక్కా విప్పితే బాగుంటుందని అంది.

"ఎందుకు విప్పాలె?" అంది చంద్రభాగ.

"చూసేవాళ్ళకు నొప్పి తెలియాలి కదా మావశీ."

"నొప్పి కాళ్ళల్ల ఉన్నది. చొక్కాల లేదు."

నర్సప్ప చొక్కా గుండీలు తనే విప్పుకున్నాడు. విప్పుకుని గోడ సంగతంతా చెప్పాడు. పగులు, తాడ్‌పత్రి, ఆర్డర్, అన్నీ. వింటూ వింటూ అమోల్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అవి నటన నీళ్ళు కావని చంద్రభాగకు అనిపించింది. "ఇది స్టేజీ మీదికి రావాలి" అన్నాడు వెళ్ళేటప్పుడు. ఆ మాట పట్టుకునే ఆమె పార్టీకి బయల్దేరింది.

లాన్‌లో షామియానా వేశారు. వచ్చినవాళ్ళకు గుమ్మంలోనే తలపాగాలు అద్దెకిస్తున్నారు, ఆడవాళ్ళు తొమ్మిది గజాల చీరలు కట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. చాయ్, వడలు, పాన్ తిరుగుతున్నాయి. ఒక పక్క ఎక్కడినుంచో తెచ్చిన చేతిమగ్గం పెట్టి, దాని ముందు చాప పరిచారు. అది చంద్రభాగకూ సరోజకూ కూర్చోవడానికి. మయూరి వచ్చి, బీడీల చేట తెచ్చారా అని అడిగింది, వేరే పాత చీరలు లేవా అని కూడా అడిగింది.

"ఉన్నయి. ఇంట్ల పనికి కట్టుకునేటియి" అంది చంద్రభాగ. "ఇది మంచి చీర. పిలిచిన కాడికి మంచిదే కట్టుకొస్తం."

అప్పుడు ఆమెకు ముందు సోఫాలో మల్లేశం కనిపించాడు. పక్కన తెల్లచొక్కాల పెద్దలు. వెనక బ్యానరు మీద అతని కార్ఖానా పేరు అందరికంటే పెద్ద అక్షరాల్లో ఉంది. చంద్రభాగ లేచి తెర వెనక్కి వెళ్ళింది. ఋతుజ ముఖానికి మసి పూసుకుంటోంది. ఒంటిమీద చిరుగుల చీర.

"మల్లేశం ఎందుకొచ్చిండు?"

ఋతుజ అద్దంలోంచి కళ్ళు తిప్పలేదు. "అందరికంటే ఎక్కువ ఆయనే ఇస్తుండు అమ్మా. ఇయ్యాల ఒక్కనాడు ఏమనకు. బాపు కాళ్ళ గురించి సోచ్ చెయ్యి."

చంద్రభాగ వచ్చి చాపమీద కూర్చుంది. డోలు మోగింది. అమోల్ తన ముత్తాత కథ చెప్పి, ముక్కెర, సిగ, జరీ చీరతో ఒక నాయికలా అందరికీ నమస్కరించాడు. నిజంగా అందంగా ఉన్నాడు. తర్వాత ఋతుజ వచ్చింది. మరాఠీలో, ఒక నేతగాని పెళ్ళానిగా మాట్లాడింది. గొంతు బాగుంది, ఏడుపు బాగుంది. వాన కురుస్తోందని చెప్పింది. తన మొగుడూ అతని దోస్తూ ఆ రోజు పీకలదాకా తాగారని చెప్పింది. కార్ఖానా గోడకు చేరగిలబడి నిద్రపోయారని, సేటు వచ్చి లేవండిరా అని బతిమాలినా లేవలేదని, ఆకాశం మీద పడ్డట్టు గోడ పడిందని చెప్పింది. "తప్పు మావాళ్ళదే. అయినా మా సేటు మమ్మల్ని వదల్లేదు" అని చేతులు జోడించింది.

చంద్రభాగకు ముందు అర్థం కాలేదు. వేరే ఎవరి కథో అనుకుని, నిజమేనని నమ్మి వింది. చప్పట్ల మధ్య పక్కన సరోజ తల వంచుకోవడం చూశాక తెలిసింది.

అమోల్ వెండి పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వంగి వెళ్ళాడు. మల్లేశం లేచి నిలబడి, అందరికీ కనపడేలా చెక్కు పైకెత్తి పళ్ళెంలో వేశాడు. అతని మెళ్ళో దండ పడింది. మైకులో చంద్రభాగ పేరు, సరోజ పేరు పిలిచారు. సరోజ కొంగు సర్దుకుని లేచింది. చంద్రభాగ కూడా లేచింది, కానీ స్టేజీ వైపు వెళ్ళలేదు. తిన్నగా సోఫా ముందుకు వెళ్ళి నిలబడింది.

"మల్లేశం" అంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తమ్ముడూ అనకుండా పిలవలేదు. "నర్సప్ప తాగుతడా?"

"వదినా, కూసో. తర్వాత మాట్లాడుదం."

"తర్వాతెందుకు? గింతమందికి ఇప్పుడే చెప్పిచ్చినవ్ గదా. నా మొఖం చూసి చెప్పు. తాగుతడా?"

మల్లేశం దండ సర్దుకున్నాడు. పక్కవాళ్ళకు మరాఠీలో, మనిషి దుఃఖంలో ఉందని చెప్పాడు. అమోల్ పళ్ళెంతోనే పరుగెత్తుకొచ్చి, "మావశీ, రండి, లోపల కూర్చుందాం" అని భుజం పట్టుకున్నాడు. చంద్రభాగ ఆ చెయ్యి విదిలించింది. పళ్ళెం కింద పడి కవర్లు గడ్డిలో చెల్లాచెదరయ్యాయి. ఆమెకు మరాఠీ పుట్టుకనుంచీ వచ్చు. కానీ ఆ క్షణాన నోట్లో ఒక్క ముక్క మరాఠీ లేదు. స్టేజీ మీద నిలబడ్డ కూతురి వైపు తిరిగి తెలుగులోనే అరిచింది.

"నువ్వు చెప్పవే! గొంతున్నది గదా నీకు! మీ బాపు తాగి పన్నడా? చెప్పు!"

లాన్ అంతా ఋతుజను చూసింది. అమోల్ వద్దన్నట్టు తల ఊపాడు. ఋతుజ మైకు దగ్గరికి జరిగింది.

"నేనిప్పుడు చెప్పింది అబద్ధం" అంది మరాఠీలో. "మా బాపు తాగడు. గోడ కూలినప్పుడు లూము నడుపుతున్నాడు. ఇద్దరూ పనిలోనే ఉన్నారు. ఆ గోడ..."

మైకు ఆగిపోయింది. ఎవరో సన్నాయి పాట పెద్దగా పెట్టారు. కుర్చీలు జరిగాయి. తలపాగాలు బల్లమీద పెట్టి జనం ఒక్కొక్కరే కార్ల వైపు నడిచారు. మల్లేశం గడ్డిలో వంగి తన చెక్కు వెతుక్కున్నాడు. అది చంద్రభాగ కళ్ళారా చూసింది.

తెర వెనక అమోల్ సిగ పీకేసి కుర్చీ మీద కొట్టాడు. ముక్కెర ఇంకా ముక్కునే ఉంది. "ఎన్ని నెలల కష్టం మావశీ! వాళ్ళు మళ్ళీ వస్తారా? డబ్బున్నవాడి దగ్గరికే కదా పళ్ళెం పట్టుకెళ్ళాలి! మల్లేశం సేటు ఆ రెండు మాటలు మార్చమన్నాడు. మార్చాను. అది నాటకం. మీ ఆయన పేరు కూడా పెట్టలేదు!"

"పళ్ళెం పట్టుకోని పో సార్. ఎవరి ముందట వంగుతవో వంగు" అంది చంద్రభాగ. "మమ్ముల ఎందుకు వంచినవ్? మా ఇంట్ల కూసోని ఏడ్సినవ్ గదా. ఆ ఏడ్పు ఎటు పోయింది?"

అమోల్ ముక్కెర పీక్కున్నాడు. జవాబు చెప్పింది సరోజ. ఆమె అప్పటిదాకా తెర పక్కన నిలబడి ఉంది.

"నాకు కూడ వినవడ్డది అక్కా. చెవులల్ల దూది పెట్టుకోలే" అంది. "మావాడు తాగెటోడే. ఆ దినం తాగలే, అది నాకెరుకే. అయినా నోరు మూసుకున్న. నీకు మొగుడున్నడు, కూతురు కమాయిస్తది. నాకెవరున్నరు? నీ ఇజ్జత్ కోసం నా పిల్లల నోట్ల మన్ను కొట్టినవ్."

చంద్రభాగ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. సరోజ ఇవ్వలేదు. ఒక్కతే రోడ్డెక్కి షేర్ ఆటో పట్టుకుని వెళ్ళిపోయింది.

ఇంట్లో ఇంకోటి ఎదురైంది. ఋతుజ ముఖం కడుక్కోకుండానే తండ్రి మంచం పక్కన కూలబడి అంతా చెప్పింది. స్క్రిప్టు ముందురోజే మారిందని, కాదంటే మల్లేశం డబ్బు ఇవ్వనన్నాడని, ఆపరేషన్ అయితే చాలనుకున్నానని చెప్పింది. నర్సప్ప కూతురి తల నిమిరాడు. పెళ్ళాం వైపు మాత్రం ఎర్రగా చూశాడు.

"నీకేం పోయింది? తాగుబోతు అననియ్యి, దొంగ అననియ్యి. మంచం మీద పడ్డోనికి పేరెందుకు? నాకు నిలవడాలెనే. లేచి నిలవడి ఒంటికి పోయి రావాలె. నీ కోపం తెచ్చిస్తదా నాకు కాళ్ళు?"

చంద్రభాగకు ఆ మాట గుండెలో దిగింది. తప్పు చేశానా అని వెనక్కి తిరిగి చూసుకుంది. చేశాననిపించలేదు. అనిపించనందుకు ఇంకా కోపమొచ్చింది. ఇంత చేసినవాళ్ళు ఇళ్ళకు పోయి తలపాగా ఫోటోలు చూసుకుంటుంటే ఇక్కడ మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు పీక్కుతినాలా? బియ్యం కడిగింది, అన్నం వండింది, ఆ ఇద్దరికీ పెట్టి తను చేట ముందేసుకుంది.

పొద్దున్నే మల్లేశం కారు వాడలోకి వచ్చింది. చెప్పులు విడిచి, తల వంచి లోపలికొచ్చి, మంచం మీద నర్సప్ప చేతి పక్కన ఒక లావు కవరు పెట్టాడు. పార్టీలో ఎవరో వీడియో తీశారని, అది ఫోన్లలో తిరుగుతోందని, ఋతుజ ఇంకేమీ మాట్లాడకుండా చూడమని వచ్చాడు. అతని కారు చూసి సరోజ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. తన పిల్లల వంతు ఏమైనా వస్తుందేమోనని వచ్చింది.

నర్సప్ప కవరు ముట్టుకోలేదు. పెళ్ళాన్ని చూశాడు.

"కాళ్ళు నీయి" అంది చంద్రభాగ. "తీస్కుంటే నేనడ్డం రాను. కాని ఆ గోడ సంగతి ఒక్కటి అడుగు. అడిగి తీస్కో."

నర్సప్ప మల్లేశం వైపు తల తిప్పాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "పగులు నీకు చూపించిన్నా లేదా?"

"అన్నా, ఇప్పుడదంతా..."

"నీ చెయ్యి పట్టి పగుల్ల పెట్టించిన. అవునా కాదా?"

"అవునన్నా" అన్నాడు మల్లేశం. "చూపించినవ్. ఆర్డర్ పోతదనుకున్న. కేసయితదని భయపడ్డ. తాగి పన్నరంటే ఎవ్వరు అడగరనుకున్న."

గుమ్మంలో సరోజ గోడ పట్టుకుంది. "ఏం పగులు?" అంది. చంద్రభాగ వైపు తిరిగింది. "అక్కా, ఏం పగులు?"

చంద్రభాగ చెప్పింది. దాచిన సంగతి కూడా చెప్పింది. సరోజ విన్నది. విని లోపలికి వచ్చి మల్లేశం కాలర్ రెండు చేతులతో పట్టుకుంది. బీడీలు చుట్టి చుట్టి గట్టిపడ్డ వేళ్ళు, అతను విడిపించుకోలేకపోయాడు.

"వాన తీస్కపోయిందనుకున్న" అంది. "దేవుడు తీస్కపోయిండనుకున్న. రోజూ దీపం పెట్టి దేవున్ని తిట్టుకున్న. నీకెరుకేనా? నీకు ముందే ఎరుకేనా?"

ఆమెను విడిపించడానికి ఋతుజ రావలసి వచ్చింది. మల్లేశం చొక్కా గుండీలు రాలిపోయాయి. సరోజ మంచం మీది కవరు తీసి అతని జేబులో కుక్కింది. పిల్లల సంగతి ఆమెకు గుర్తుందని చంద్రభాగకు తెలుసు. అయినా కుక్కింది.

"ఇది దానం లెక్క నాకొద్దు. లేబర్ ఆఫీసుల పెట్టు. ఇప్పుడన్న మాట ఆడ గూడ అను."

"వదినా, నేను మునిగిపోత" అని మల్లేశం చంద్రభాగ వైపు చేతులు జోడించాడు.

"వదినా అనకు. బయటికి నడువు."

ఆ తర్వాత యూనియన్ వాళ్ళతో కలిసి ఇద్దరు ఆడవాళ్ళూ కేసు వేశారు. ఋతుజ సాక్ష్యం చెప్పింది, స్క్రిప్టు ఎవరు మార్చమన్నారో పేరు పెట్టి చెప్పింది. కార్ఖానాలో పనివాళ్ళు మొదట భయపడ్డారు, సరోజ రోజూ వెళ్ళి గేటు ముందు బైఠాయించాక ఒక్కొక్కరే నోరు విప్పారు. అమోల్ రాలేదు. అతని పార్టీ సొమ్ములో మిగిలిందేదో మయూరితో పంపితే చంద్రభాగ తీసుకోలేదు, సరోజ తీసుకుంది. దానికి ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. పేషీలు సాగాయి. కడకు మల్లేశం తప్పు ఒప్పుకుని ఇద్దరికీ పరిహారం కట్టాడు, అందుకోసం అమ్మకానికి పెట్టిన లూముల్లో నర్సప్ప నడిపిన లూము కూడా ఉంది. నర్సప్పకు ఆపరేషన్ ఆలస్యంగానే అయింది. డాక్టరు చెప్పినంత నడక రాలేదు. వాకర్ పట్టుకుని ఒంటికి మోరీ దాకా వెళ్ళి వస్తాడు.

ఋతుజ ఆ మండలి మానేసి ఇంకో చోట చేరింది. ఒకరోజు రిహార్సల్ నుంచి వచ్చి వంటింట్లో తల్లి పక్కన కూర్చుంది. ఆనాటినుంచీ చంద్రభాగ కూతురితో అవసరమున్న మాటే మాట్లాడుతోంది.

"అమ్మా, ఇంక కోపం పోలేదా?"

"పోలే."

"తర్వాత చెప్పిన గదా, అందరి ముందట."

"చెప్పినవ్. నేను అరిస్తే చెప్పినవ్" అంది చంద్రభాగ పెనం మీద రొట్టె తిప్పుతూ. "ముందుగాల చెప్పింది నువ్వే గదా. అది గూడ మంచిగనే చెప్పినవ్. నేనే ఒక ఘడియ నమ్మిన."

ఋతుజ ఏడ్చింది. చంద్రభాగ ఓదార్చలేదు. రొట్టె తీసి పళ్ళెంలో వేసి, కూర వడ్డించి కూతురి ముందుకు జరిపింది. రెండో రొట్టెకు పిండి తీసుకుని అరచేతుల మధ్య గట్టిగా, గట్టిగా తట్టడం మొదలుపెట్టింది.